బెంగళూరులో చదివిన పరమవీరుడు

పరమవీర చక్ర గ్రహీతల్లో విక్రమ్ బాత్రా పేరు మన పిల్లలు టక్కున చెబుతారు. కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ఎవరంటే తరగతిలో చెయ్యి లేవదు. ఆయన మన సరిహద్దులో కాక ఆఫ్రికాలో, ఐక్యరాజ్య సమితి సేనలో ఉండగా అమరుడు కావడమే కారణం కావచ్చు. డిసెంబర్ 5 ఆయన వర్ధంతి.

సలారియా 1935 నవంబర్ 29న పంజాబులోని షకర్‌గఢ్ దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి మున్షీరామ్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశారు. బెంగళూరులోని కింగ్ జార్జ్ రాయల్ మిలిటరీ కాలేజీకి వెళితే ఛాతీ కొలత అంగుళం తక్కువని కుర్రవాణ్ణి తిప్పి పంపారు. కసరత్తు చేసి, 1946 ఆగస్టులో సీటు సంపాదించాడు. పదేళ్ల పంజాబీ పిల్లవాడికి ఆ ఊరు, అక్కడి భాష ఎంత కొత్తో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఏడాదికి జలంధర్ బడికి మార్చారు. అదే నెలలో దేశ విభజన. పుట్టిన ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది, కుటుంబం గురుదాస్‌పూర్ జిల్లాకు చేరింది. చదువు మాత్రం ఆగలేదు. జాతీయ రక్షణ అకాడమీ మీదుగా 1957 జూన్‌లో గూర్ఖా రైఫిల్స్‌లో అధికారి అయ్యారు. అక్కడ అధికారి జవాన్ల భాష నేర్చుకోవాల్సిందే. రెండో భాష పిల్లలకు బరువనే పెద్దలు ఇది గమనించాలి.

1960లో కాంగోకు స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది రోజులకే, గనుల సంపద ఉన్న కటాంగా విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. దేశం చీలకుండా చూడటానికి వెళ్లిన సమితి సేనలో భారత బ్రిగేడ్ ఉంది. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో, అంటే నేటి లుబుంబాషిలో, ఒక కూడలిని కటాంగా సాయుధులు దిగ్బంధించారు. ఎదురుగా దాడి చేసే పని వేరే కంపెనీది. విమానాశ్రయం వైపు నుంచి వచ్చి శత్రువు తప్పించుకునే దారి మూయడమే సలారియా పని. దారిలో అనుకోని చోట కాల్పులు మొదలయ్యాయి. అవతల సుమారు 90 మంది, రెండు సాయుధ శకటాలు. ఇవతల గుప్పెడు గూర్ఖాలు. ఆ 90 మంది కూడలికి చేరితే అసలు దాడే దెబ్బతింటుంది. అందుకే ఆయన ఆగలేదు. రాకెట్ లాంచర్ అండతో, కుక్రీలు, బాయ్‌నెట్లు, గ్రెనేడ్లతో మీదికి ఉరికారు. శకటాలు రెండూ ధ్వంసమయ్యాయి, 40 మంది హతమయ్యారు, మిగిలినవారు పారిపోయారు. సలారియా మెడకు తూటాలు తగిలాయి. రక్తమోడుతూనే, కుప్పకూలేదాకా పోరాడారు. 26 ఏళ్లు నిండి అప్పటికి ఆరు రోజులు.

సమితి శాంతి సేనలో పోరాడి పరమవీర చక్ర పొందింది ఆయన ఒక్కరే. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. బెంగళూరు బడి ఇప్పుడు రాష్ట్రీయ మిలిటరీ స్కూల్. ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశ పరీక్ష ఉంటుంది, సైన్యంలో లేనివారి పిల్లలూ రాయవచ్చు.