హొకుసాయి జీవితము

జపాను చిత్రకళ యనగానే పలువురకు స్ఫురించునది మహాతరంగ చిత్రము. దానిని రచించిన కత్సుషిక హొకుసాయి సామాన్యుల నవ్వునకును అంతటి స్థానము నొసగిన మహనీయుడు. ఆయన చరితమును సంగ్రహముగా నిచట తెలుపుచున్నాము.

హొకుసాయి 1760లో యెడో నగరమున జన్మించెను. నేటి టోక్యోయే నాటి యెడో. బాల్యమున చెక్కపని నేర్చి, 1778 ప్రాంతమున షున్షో అను చిత్రకారునకు శిష్యుడయ్యెను. ఆనాటి అచ్చుబొమ్మ ఒక్కని చేతిపని కాదు. చిత్రకారుడు గీయును, చెక్కువాడు చెక్కపై మలచును, అచ్చువేయువాడు రంగునకొక చెక్క చొప్పున అద్దును, ప్రకాశకుడు విక్రయించును. ఇట్లు పెక్కు ప్రతులు సిద్ధమగుటచే బొమ్మలు సామాన్యుల యిండ్లకును చేరెను.

1814లో ఆయన 'మాంగా' మొదటి సంపుటము వెలువడెను. క్రమముగా నవి 15 అయ్యెను; చివరిది ఆయన మరణానంతరము 1878లో వచ్చినది. అందు స్థూలకాయులు, బక్కపలుచనివారు, స్నానము చేయువారు, మల్లులు, వెక్కిరింత ముఖములవారు కానవత్తురు. మన దేశమున పుట్టి బౌద్ధముతో ప్రయాణించిన గ్రుడ్డివారు–ఏనుగు కథయు నందొక బొమ్మ.

1830 ప్రాంతమున ఫ్యూజీ పర్వత దృశ్యములను ప్రారంభించెను. వాని పేరు 36 దృశ్యములైనను, ఆదరణము హెచ్చుటచే 46 అయ్యెను. మహాతరంగము వానిలోనిదే. మరియొకదానిలో పెనుగాలికి బాటసారి కాగితములు, మరియొకని టోపీ ఆకాశమున కెగిరిపోవుచుండ, వెనుక పర్వతము నిశ్చలముగా నిలిచియుండును. చూచి మనము నవ్వుదుము. కాని ఆ గాలిలో చిక్కినవారు మనవంటివారే యని వెంటనే తోచును. పరిహాసమున్నను తిరస్కారము లేకుండుటయే ఆయన విశేషము.

ఆయనకు సుఖజీవనము లభింపలేదు. పేర్లు 30కి పైగా మార్చెను. ఇండ్లు 90కి పైగా మారెనని ప్రతీతి. మనుమని అప్పులు బాధించెను. 1839లో అగ్నిప్రమాదమున పెక్కు చిత్రములు దగ్ధమయ్యెను. అయినను కుంచె విడువలేదు. చిత్రకారిణియగు కుమార్తె ఓయీ తోడుగా నిలిచెను. ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట, కీడు తొలగుటకై కొంతకాలము ప్రతి ఉదయమును ఒక సింహపు బొమ్మ గీయుచుండెను. వానిలో కొన్ని సింహములు నాట్యమాడుచుండును!

డెబ్బది యేండ్లకు పూర్వము తాను గీసినది లెక్కింపదగినది కాదని ఆయన 1834లో వ్రాసికొనెను. 1849లో మరణించునపుడు సైతము, మరికొన్నియేండ్లు లభించినచో నిజమైన చిత్రకారుడనగుదునని తలపోసెనని చెప్పుదురు. ఒక్క పరీక్షలో తప్పినంతనే చదువు ముగిసెనని దిగులుపడు మనకు ఇంతకంటె మంచి పాఠ మేమున్నది?