అగస్టస్ - వారసుల నాణెం

నాణెంపై బొమ్మ పాలకుల మాటను ఊరూరా చేరవేస్తుంది. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

అతడు క్రీ.పూ. 63లో జన్మించాడు. అంతర్యుద్ధాలలో గెలిచి, క్రీ.పూ. 27లో అగస్టస్ అనే బిరుదు పొందాడు. అతనికి కొడుకులు లేరు. అందువల్ల కూతురు జూలియా కుమారులైన గాయస్, లూసియస్‌లను దత్తత తీసుకున్నాడు. దినారియస్ అనే వెండి నాణెంపై ఒకవైపు తన ముఖాన్ని, రెండోవైపు డాళ్ళు, బల్లేలతో నిలబడిన ఆ ఇద్దరినీ ముద్రింపజేశాడు. తన తరువాత పాలించేది వీరేనని ప్రజలకు తెలపడమే దీని ఉద్దేశం.

కాని లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో మరణించారు. క్రీ.శ. 14లో అగస్టస్ మరణించగా, అతని భార్య లివియాకు మొదటి వివాహంలో పుట్టిన టైబీరియస్ చక్రవర్తి అయ్యాడు.

మిరియాల వంటి సరుకులకు ధరగా ఆ నాణేలు దక్షిణ భారతదేశానికి వచ్చాయి. కోయంబత్తూరు ప్రాంతంలోనూ తెలుగునాటా అగస్టస్ నాణేలు దొరికాయి. రాజ్యమేలని ఆ యువకులు వెండిపై ఇంకా వారసులుగానే నిలబడి ఉన్నారు.