పుస్తకాల వెనుక మాస్టారు తిమోషెంకో

సివిల్ గానీ మెకానికల్ గానీ చదివి అమెరికా వచ్చిన మనవాళ్లలో తిమోషెంకో పేరు వినని వారు అరుదు. కాకినాడలో మేం చదువుకునే రోజుల్లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అంటే ఆయన పుస్తకమే. బీమ్ ఎంత వంగుతుంది, ఎంత బరువు పడితే కాలమ్ పక్కకు ఒరుగుతుంది... ఈ లెక్కలన్నీ అందులోనే నేర్చుకున్నాం. ఆ పేరు వెనుక ఉన్న మనిషి కథ మాత్రం ఇక్కడ స్థిరపడ్డాకే చదివాను. వలస వచ్చిన ఏ కుటుంబమైనా తెలుసుకోదగ్గ కథ అది.

స్టీఫెన్ తిమోషెంకో 1878లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఓ పల్లెలో పుట్టారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రైల్వే, రోడ్డు ఇంజినీర్లను తయారుచేసే విద్యాసంస్థలో చదివి 1901లో పట్టా అందుకున్నారు. తర్వాత అక్కడి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పారు. జర్మనీలోని గోటింగెన్ వెళ్లి, గణితాన్ని ఇంజినీర్ల సమస్యలకు ఎలా వాడాలో ప్రాండ్ట్ల్ లాంటి పెద్దల దగ్గర చూశారు. 1907లో కీవ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ అయ్యేనాటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు.

1911లో విద్యామంత్రి విధానాలను నిరసిస్తూ సంతకం చేసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అదే ఏడాది ఆయన పరిశోధనకు జురావ్‌స్కీ బహుమతి వచ్చింది. ఇల్లు గడవడానికి ఆ సొమ్ము ఆసరా అయింది. మళ్లీ పీటర్స్‌బర్గ్ చేరి బోధన కొనసాగించారు. 1918లో కీవ్‌లో ఉక్రెయిన్ సైన్స్ అకాడమీ ఏర్పాటుకు చేయి వేశారు. అంతలోనే అంతర్యుద్ధం ముంచుకొచ్చింది. దేశం విడిచి యుగోస్లావియా చేరుకున్నారు. జాగ్రెబ్‌లో మళ్లీ ప్రొఫెసర్ పదవి దొరికింది కానీ అక్కడి భాష రాదు. తెలిసిన క్రొయేషియన్ మాటలన్నీ కలుపుకుంటూ రష్యన్‌లోనే పాఠం చెప్పేవారు. పిల్లలకు అర్థమయ్యేదట!

1922లో అమెరికాలో అడుగుపెట్టేసరికి ఆయనకు 43 ఏళ్లు. అంత వయసులో, అంత పేరున్న ప్రొఫెసర్ మళ్లీ కంపెనీ ఉద్యోగంతో మొదలుపెట్టారు. 1923 నుంచి 1927 దాకా పిట్స్‌బర్గ్ ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్‌లో పనిచేశారు. అక్కడి కుర్ర ఇంజినీర్లకు మెకానిక్స్‌లో పునాది చాలలేదని గమనించారు. వాళ్లు కోరితే పని వేళలయ్యాక పాఠాలు చెప్పారు. ఆ పాఠాలే 1925లో లెసెల్స్‌తో కలిసి రాసిన అప్లైడ్ ఎలాస్టిసిటీ పుస్తకమయ్యాయి. ఆయన కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఘట్టం ఇదే. కంపెనీ ఆయనను తీసుకున్నది ఇంజినీర్‌గా. అక్కడా ఆయన మాస్టారి పనే వెతుక్కున్నారు.

1927లో మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో బ్యాచిలర్స్, డాక్టరేట్ కోర్సులు రూపుదిద్దారు. అమెరికా కాలేజీల్లోని యువ అధ్యాపకుల కోసం వేసవి పాఠశాలలు నడిపారు. పిల్లలకు చెప్పేవాళ్లకే ముందు చెప్పాలన్నది ఆయన పద్ధతి. 1936లో స్టాన్‌ఫర్డ్‌కు మారారు. ఈ ఏళ్లలోనే ఒకదాని వెంట ఒకటిగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 1930లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, 1934లో థియరీ ఆఫ్ ఎలాస్టిసిటీ, 1940లో ప్లేట్స్ అండ్ షెల్స్. అవి ముప్ఫైకి పైగా భాషల్లోకి వెళ్లాయి.

స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడాది, 1958లో, ఎనభయ్యో పడికి చేరువలో సోవియట్ యూనియన్ వెళ్లి ఇంజినీరింగ్ కాలేజీలు చూసొచ్చారు. రష్యాలో ఇంజినీరింగ్ విద్యపై 1959లో పుస్తకం రాశారు. చివరి రోజుల్లో జర్మనీలో కూతురి దగ్గర ఉండి 1972లో కన్నుమూశారు. ఆయన పేరిట అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఇచ్చే పతకాన్ని 1957లో మొదట అందుకున్నది ఆయనే.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మా అమ్మాయి వంతెనల డిజైన్ ఉద్యోగం వదిలి ఇంజినీరింగ్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. పర్డ్యూ యూనివర్సిటీ 2004లోనే దీనికి ప్రత్యేక విభాగం పెట్టింది. మొదటి ఏడాదిలోనే పిల్లలు ఇంజినీరింగ్ ఎందుకు వదిలేస్తున్నారు, ల్యాబ్‌లో నిజంగా ఏం నేర్చుకుంటున్నారు... ఇలాంటివే అక్కడ పరిశోధనాంశాలు. చదువయ్యాక కొందరు ప్రొఫెసర్లవుతారు. కొందరు యూనివర్సిటీల బోధనా కేంద్రాల్లో, ఇంకొందరు కంపెనీల శిక్షణ విభాగాల్లో చేరతారు. అయినా ఇంట్లో బెంగ పోలేదు. ఇంటి లోను ఇంకా ఉంది, ఇన్నేళ్ల జీతం వదులుకోవాలి, ఇంజినీరై బడి పంతులవడమేమిటని మా ఆవిడ బాధ. ఆవిడ భయం న్యాయమైనదే. స్టైపెండుతో ఐదేళ్లు నెట్టుకురావడం తేలిక కాదు.

నేను మాత్రం అమ్మాయి పక్షమే. తిమోషెంకో కట్టిన వంతెన ఏదని అడిగితే నేను చెప్పలేను. ఆయన పుస్తకం చదివి వంతెనలు కట్టినవాళ్లు మాత్రం మన ఊళ్లలోనూ ఉన్నారు. డిసెంబరులో అమ్మాయి దరఖాస్తు పెడుతోంది. ఫీజు నేనే కడతానన్నాను.