కొవ్వు తూటా తీసిన ప్రాణం: మంగళ్ పాండే

1857 ఏప్రిల్ 8న కలకత్తా దగ్గర బారక్‌పూర్ కంటోన్మెంట్‌లో మంగళ్ పాండేను ఉరి తీశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఇప్పటి ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలోని నగ్వా ఆయన సొంతూరని ఎక్కువమంది చెబుతారు. 1849లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరాడు. 34వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో మామూలు సిపాయి. ఎనిమిదేళ్ల నౌకరీలో ఆయన పేరు బయటకి వచ్చింది లేదు. వచ్చింది ఒక్క సాయంత్రంతోనే.

అప్పుడే కంపెనీ సర్కారు ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తెస్తోంది. పాత బందూకు గొట్టం లోపల నునుపు, గుండు వదులుగా జారిపోయేది. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి, గుండు బిగుతుగా పట్టాలి. నాలుగు సార్లు పేలిస్తే మందు మసి లోపల గట్టిపడుతుంది. అప్పుడు గుండు ఇనుప కడ్డీతో ఎంత దట్టించినా దిగదు. అందుకే కాగితపు తూటాకి గుండు ఉన్న వైపు కొవ్వు పూసేవాళ్లు. గుండు సాఫీగా దిగుతుంది, మసి మెత్తబడుతుంది, చెమ్మ కూడా పట్టదు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఏ కొవ్వు అన్న దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో తూటా చివర సిపాయి పళ్లతో కొరికి చింపి మందు పోయాలి. ఇంగ్లండ్‌లో వాడే పూతలో జంతువుల కొవ్వు ఉండేది. కలకత్తాలో తయారీకి టెండర్ ఇచ్చినప్పుడు అది ఏ జంతువుదై ఉండాలో ఎవరూ రాయలేదు. ఆవు కొవ్వైతే హిందువుకి, పంది కొవ్వైతే ముస్లింకి నోట పెట్టరానిది. 1853లోనే కల్నల్ టక్కర్ అనే అధికారి ఈ సంగతి పైవాళ్లకి రాశాడు. పట్టించుకున్న నాథుడు లేడు. తేనెమైనం, నెయ్యి, నూనె బజార్లో దొరికేవే కదా! చివరికి 1857 జనవరిలో డమ్‌డమ్‌లో గుసగుసలు మొదలయ్యాక, పూత లేని తూటాలే ఇస్తామని, సిపాయిలే తమకి ఇష్టమైనది పూసుకోవచ్చని సర్కారు ఒప్పుకుంది. తర్వాత కొరకక్కర్లేదు, చేత్తో చింపవచ్చని కూడా అంది.

అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు అనుమానం కాగితం మీదికి మళ్లింది. అది మెరుస్తోంది, కాల్చి చూస్తే కొవ్వు వాసన వస్తోందని సిపాయిలు విచారణలో చెప్పారు. ఫిబ్రవరి 26న బెర్హంపూర్‌లో 19వ రెజిమెంట్ తూటాలు తీసుకోలేదు. ఆ రెజిమెంట్‌ని రద్దు చేసేందుకు బారక్‌పూర్ రప్పిస్తున్నారని వార్త.

మార్చి 29, ఆదివారం. మంగళ్ పాండే బందూకు పట్టుకుని పరేడ్ మైదానంలోకి వచ్చి తోటివాళ్లను కేకేసి పిలిచాడు. గుర్రం మీద వచ్చిన లెఫ్టినెంట్ బా మీద కాల్చాడు. గుర్రం కూలింది. తర్వాత కత్తులతో కలబడ్డారు, సార్జెంట్ మేజర్ హ్యూసన్‌కీ దెబ్బలు తగిలాయి. పాండేను పట్టుకోమంటే జమేదార్ ఈశ్వరీ ప్రసాద్ కదల్లేదు. షేక్ పల్టూ అనే సిపాయి మాత్రం పట్టుకుని ఆపాడు. చివరికి జనరల్ హియర్సీ వచ్చేసరికి పాండే బందూకు గుండెకి ఆనించి, కాలి వేలితో నొక్కి కాల్చుకున్నాడు. చావలేదు. ఆయన చేతిలో ఉన్నది పాతరకం బందూకే, 34వ రెజిమెంట్‌కి ఎన్‌ఫీల్డ్‌లు అప్పటికి ఇవ్వనేలేదు!

కోర్ట్ మార్షల్‌లో భంగు తాగానని ఒప్పుకున్నాడు, వెనక ఎవరున్నారంటే ఒక్క పేరు చెప్పలేదు. ఉరి 18న అనుకున్నది పది రోజులు ముందుకి జరిపారు. ఈశ్వరీ ప్రసాద్‌నీ ఏప్రిల్ 21న ఉరి తీశారు. షేక్ పల్టూకి హవల్దార్ పదవి దక్కింది, కొద్దిరోజుల్లోనే హత్యకి గురయ్యాడు. మే 6న రెజిమెంట్‌నే రద్దు చేశారు.

మీరట్‌లో 85 మంది సవార్లు కాదన్న తూటాలు నిజానికి పాతరకంవే. నమ్మకం పోయాక ఏ తూటా అయితే ఏంటి? హిందూ ముస్లిం సవార్లు కలిసే జైలుకెళ్లారు. వాళ్లని విడిపించిన సిపాయిలు మే 11కల్లా ఢిల్లీలో బహదూర్ షా జఫర్ ముందున్నారు. ఆ మంట జులై 17న హైదరాబాద్‌కి చేరింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మనకి కోఠి మహిళా కళాశాలగా తెలిసిన భవనం అదే.