డాక్టరు జెర్డన్ – కలివికోడి అజ్ఞాతవాసము

పాండవులు విరాటుని కొలువున ఒక సంవత్సరము అజ్ఞాతవాసము చేసిన కథ మన పిల్లలందఱు నెఱిగినదే. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా పరుల కన్నుల యెదుటనే మెలగుచు పరుల కన్ను గప్పిరి. దాగుట యనగా గోడచాటున నక్కియుండుట మాత్రమే కాదనియు, ఉన్నచోటికి తగిన రూపము దాల్చుట గూడ దాగుటయే యనియు ఆ కథ వలన తెలియుచున్నది. మృగములకు, పక్షులకు ఈ విద్య పుట్టుకతోనే అబ్బినది. ఇందులో ఆరితేరిన యొక చిన్న పక్షిని, దానిని శాస్త్రలోకమునకు చూపిన యొక వైద్యుని మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలకు పరిచయము చేయుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

థామస్ కేవర్‌హిల్ జెర్డన్ 1811వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు డర్హం మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడుగా ప్రవేశించి, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమునకు వచ్చెను. తొలుత గంజాము ప్రాంతమున జ్వరపీడితులగు సైనికులకు చికిత్స చేయుట ఆతనికి విధిగా నేర్పడెను. తీరిక లేని ఆ యుద్యోగమున నుండియే తూర్పు కనుమల పక్షులను పరిశీలింప మొదలిడెను. 1839లో దక్షిణదేశపు పక్షుల పట్టికను చెన్నపట్టణపు శాస్త్రపత్రికలో ప్రకటింప నారంభించెను.

పిమ్మట నెల్లూరులో సివిల్ సర్జనుగా నున్న కాలమున ఆతడు చేసిన పని మనకు ముఖ్యము. అధికారియై యుండియు ఆతడు అడవి నెఱిగిన యానాదులను చేరదీసి, ఏ పక్షి యెచ్చట తిరుగునో, ఏ మృగము ఏ వేళ మేతకు వచ్చునో వారివలన తెలిసికొనెను. 1843 మొదలు 1847 వఱకు 50 రంగుల పటములతో నొక పక్షిచిత్ర గ్రంథమును వెలువరించెను. ఆ చిత్రములలో పెక్కింటిని వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే. 1862 మొదలు 1864 వఱకు భారతదేశ పక్షులను గూర్చి వెలువడిన ఆతని మహాగ్రంథమున వేయి జాతులు వర్ణింపబడినవి. అందు పెక్కు పక్షులకు తెలుగు పేర్లను గూడ చేర్చుట మనము మఱువరాని విషయము. పామరులు పలుకు పేరు సైతము శాస్త్రమునకు అవసరమే యని ఆతడు గ్రహించెను.

తూర్పు కనుమల ముళ్లపొదలలో ఆతనికి దొరకిన పక్షులలో కలివికోడి యొకటి. కలివి పొదల నడుమ తిరుగునది కావున దానికా పేరు కలిగినది. కలకత్తాలోని బ్లైత్ అను పండితుడు 1848లో దానిని వర్ణించి, రెండు కంఠాభరణములు గలదను అర్థము వచ్చు లాటిన్ నామము నొసగెను. ఆంగ్లమున నేటికిని అది జెర్డన్ పేరిటనే వ్యవహరింపబడుచున్నది. దాని పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. వీపు ఎండిన మట్టి రంగు. తెల్లని రొమ్మున గోధుమవన్నె పట్టీలు రెండు కలవు.

దాగవలసిన పక్షికి పట్టీలెందులకని పిల్లలు అడుగవచ్చును. చూచువాని కన్ను మొదట వెదకునది ఆకారపు అంచును. పట్టీలు ఆ యాకారమును ముక్కలుగా విడదీసి చూపును. అవి పొదల నీడలతో గలిసిపోగా పక్షి యెచట ముగిసెనో, నేల యెచట మొదలయ్యెనో గుర్తింప శక్యము కాదు. జింక పొట్ట తెల్లగా నుండుటలోను ఇట్టి కిటుకే కలదు. ఎండకు వీపు వెలుగును, పొట్ట నీడలో నల్లబడును. పొట్ట తెల్లనిదైనచో వెలుగునీడలు సరిపడి దేహపు గుండ్రదనము కనబడదు. తీతువు రాళ్ల నడుమ పెట్టిన గ్రుడ్లు రాళ్లవలెనే మచ్చలతో నుండును. ఊసరవెల్లి మాత్రము చాలమంది తలచునట్లు దాగుటకే రంగు మార్చదు. వేడిమి, కోపము, పోరు మొదలగు కారణములే అందు ముఖ్యములు.

పూరేడును బోలిన యొక చిన్న పిట్ట జాతిలో ఆడుదానికే మెఱుగు రంగులు. వెలవెలబోయిన రంగుగల మగదియే గ్రుడ్లను పొదుగును. ఈ వింత విషయమును జెర్డన్ తన గ్రంథమున తెలుపగా, డార్విన్ మహాశయుడు 1871లో వెలువరించిన తన గ్రంథమున దానిని ప్రమాణముగా గ్రహించెను. నేలపై కదలక కూర్చుండవలసిన వారికే నేలరంగు దక్కినదని దీనివలన తెలిసికొనవచ్చును.

ఈ పాఠమును పిల్లలకు నేర్పుటకు పలకయైనను అక్కఱలేదు. మన యెఱ్ఱనేలపై ఇరువది వేరుసెనగ గింజలను, ఇరువది బియ్యపు గింజలను చల్లి, పది లెక్కించు లోపల ఏఱుమని చెప్పుడు. బియ్యము ముందు చేతికి వచ్చును. పొట్టుతో నున్న సెనగగింజలు నేలలో గలిసి మిగిలిపోవును. డేగకంటికి చిక్కినవి పోయి, చిక్కనివి పిల్లలను గనుట తరతరములుగా జరుగుటచేతనే ఈ రంగులు నిలిచినవి. అయితే రంగు మాత్రమే చాలదు, నిశ్చలత గూడ కావలెను. భీముడు కీచకుని వధించుట చేతనే గదా సుయోధనునికి అనుమానము పొడమినది!

జెర్డన్ స్వదేశమునకు మరలి 1872 జూన్ 12వ తేదీన కాలధర్మము నొందెను. ఆతని పక్షి మాత్రము మఱియొక యజ్ఞాతవాసమునకు పోయినది. 1900లో క్యాంప్‌బెల్ అను నాతడు మన అనంతపురము చెంత పెన్నాలోయలో దానిని గాంచిన పిదప 86 సంవత్సరముల పాటు శాస్త్రజ్ఞుల కెవ్వరికిని అది కనబడలేదు. అది నశించినదనియే పలువురు తలచిరి. పగలు పొదలలో నణగి రాత్రి సంచరించు పక్షిని పగటిపూట వెదకినచో దొరకునా? తుదకు 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి యన్వేషణకు తోడ్పడిన యొక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టెను. పట్టుటలో ఆరితేరిన పల్లెవాని నేర్పు లేనిదే శాస్త్రమునకు ఆ పక్షి మరల దక్కెడిది కాదు. నెల్లూరులో యానాదుల నాశ్రయించిన జెర్డన్ మార్గమే ఇచటను ఫలించినది. 1988లో ఆ ప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది.

కఱవు సీమ వారమగు మనకు ఇందొక ధర్మసందేహము కలదు. పిట్ట కొఱకు నీరు మానుకొందుమా? తెలుగుగంగ కాలువ త్రవ్వకము కలివికోడి ఉనికికి ముప్పు తేగా, ఈ శతాబ్దపు తొలి దశకమున కాలువ దారిని మార్చిరి. నీరును మానలేదు, పిట్టను మఱువలేదు. తగవు తెగనిచోట దారి మార్చుటయు నొక యుపాయమే.

కలివికోడి రంగు దానిని డేగనుండి కాపాడగలదు గాని గొడ్డలినుండి కాపాడజాలదు. పొదలు నఱికి బయలు చేసినచో, పొదలనీడకు తగినట్లు ఏర్పడిన పట్టీలు ఎండలో దానిని పట్టియిచ్చును. వేషము నిలుచుటకు విరాటుని కొలువు నిలువవలెను గదా! బంజరు, పోరంబోకు, గుట్టపక్క పొద యని మనము లెక్కకు రానివిగా విడిచిన భూములే ఇట్టి ప్రాణులకు గృహములు.

బాలబాలికలారా! ఈ యూరి బీళ్లలో నడుచునపుడు అడుగు చూచి వేయుడు. మీ తాతలు, అవ్వలు, గొఱ్ఱెల కాపరులు ఏ పిట్టను ఏ పేర పిలుతురో అడిగి, గ్రంథాలయమున నొక పుస్తకమునందు వ్రాసియుంచుడు. జెర్డన్ మహాగ్రంథమునకు పునాది అట్టి పేర్లే.