జోడేఘాట్ వీరుడు కుమ్రం భీం



తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలో, గుట్టల మీద జోడేఘాట్ అనే గోండు పల్లె ఉంది. కుమ్రం భీం స్మారకం, మ్యూజియం అక్కడే ఉన్నాయి. సెలవుల్లో చూసి రాదగ్గ ఊరు. పోయే ముందు ఆయన జీవితం తెలుసుకుంటే మంచిది.

భీం 1901లో సంకేపల్లిలో పుట్టారు. అప్పుడు ఆ ప్రాంతమూ, మన బీదర్ కూడా నిజాం రాజ్యమే. గోండులు అడవి కొట్టి సాగు చేసుకున్న భూములను బయటివాళ్ళు పట్టా చేయించుకొని లాక్కునేవాళ్ళు. కాగితంలో ఏముందో చదవలేనివాళ్ళకు దిక్కెవరు? భీం కూడా బడికి పోలేదు. పంట గొడవలో ఆయన చేతిలో ఒక పట్టాదారు చనిపోవడంతో ఊరు విడిచారు. ఆ అజ్ఞాతంలోనే చదవడం, రాయడం నేర్చారు. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశారు.

తిరిగొచ్చి జోడేఘాట్ చుట్టూ 12 గూడేలను కూడగట్టారు. నీరు, అడవి, భూమి తమవేనని నిలబడ్డారు. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో అక్కడే నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు ఆ ఊళ్ళో చేరి నివాళులర్పిస్తారు.

ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు వచ్చాయి. పిల్లలు ఇంటి భాషలోనే అక్షరాలు దిద్దారు.

కన్నడ నేలపై తెలుగు బడి నిలుపుకుంటున్న మనకు దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. జోడేఘాట్ వెళ్ళినవాళ్ళు మార్లవాయి కూడా చూసి రండి.

– ప్రధానోపాధ్యాయులు