నలుగురు పిల్లలతో పదకొండు నెలల ఓడ ప్రయాణం: ఆనీ బ్రాసీ జీవితం

తంజోంగ్ పగార్ అంటే ఇప్పుడు సింగపూర్‌లోని మనవాళ్లకు ఎంఆర్‌టీ స్టేషన్, ఆఫీసు టవర్లు, మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో క్యూలు. కంటైనర్ టెర్మినల్ కూడా ఇక్కడి నుంచి తరలిపోయింది. కానీ 150 ఏళ్ల క్రితం సింగపూర్‌కు వచ్చే స్టీమర్లకు ఇదే ముఖ్యమైన చోటు. 1864లో పెట్టిన తంజోంగ్ పగార్ డాక్ కంపెనీ 1868లో విక్టోరియా డాక్ తెరిచింది. మరుసటి ఏడాది సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్ ఓడలు ఇటు వరస కట్టాయి. వాటికి కావలసిన బొగ్గు ఇక్కడ కుప్పలుగా పోసి ఉండేది. భారతీయ, చైనా కూలీలు దాన్ని మోసి ఓడల్లోకి ఎక్కించేవారు.

అలాంటి రోజుల్లో, 1877 మార్చిలో, 'సన్‌బీమ్' అనే మూడు తెరచాప స్తంభాల ఓడ సింగపూర్ చేరింది. అది సరుకుల ఓడ కాదు, ఒక కుటుంబం సొంత ఓడ. అమ్మ, నాన్న, నలుగురు పిల్లలు, స్నేహితులు, సిబ్బందితో కలిపి ఇంగ్లండ్‌లో బయలుదేరినప్పుడు అందులో 43 మంది. ఆ అమ్మ పేరు ఆనీ బ్రాసీ. ఆ ప్రయాణంపై ఆమె రాసిన పుస్తకం తర్వాతి ఏడాది వచ్చి అనేక భాషల్లోకి వెళ్లింది. ఇంగ్లండ్‌లో బడిపిల్లల చేత కూడా చదివించారు.

ఆనీ 1839 అక్టోబరు 7న లండన్‌లో పుట్టారు. ఇంటిపేరు ఆల్‌నట్. పసితనంలోనే తల్లి పోవడంతో తాతగారింట పెరిగారు. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తులు బలహీనం. యుక్తవయసులో గౌనుకు నిప్పంటుకుని ఒళ్లు కాలి, కోలుకోవడానికి నెలలు పట్టింది. 1860లో థామస్ బ్రాసీని పెళ్లి చేసుకున్నారు. ఆయన తండ్రి అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద రైల్వే కాంట్రాక్టర్లలో ఒకరు, మన దేశంలోనూ రైలు మార్గాలు వేయించారు. కాబట్టి డబ్బుకు లోటు లేదు. సొంత ఓడలో తిరిగి రావడం అందరికీ కుదిరే పని కాదన్నది మొదటే ఒప్పుకోవాలి.

డబ్బు ఆపలేనివీ ఉంటాయి. 1873 జనవరిలో వాళ్ల నాలుగేళ్ల కూతురు కాన్‌స్టాన్స్ స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయింది. ఇంట్లో ఆ పాపను ముద్దుగా సన్‌బీమ్ అని పిలిచేవారు. అంటే ఎండకిరణం. మరుసటి ఏడాది కట్టించిన ఓడకు ఆ పేరే పెట్టారు. ఆ ఓడ కథ ఎక్కడ చదివినా నాకు ముందు ఈ సంగతే గుర్తొస్తుంది. పోయిన బిడ్డ పేరున్న ఓడలోకి మిగిలిన నలుగురినీ ఎక్కించుకుని సముద్రం మీదికి వెళ్లడానికి ఎంత గుండె కావాలి! లేకపోతే, నేల మీద ఉన్నంత మాత్రాన బిడ్డలకు రక్షణ ఉండదని అప్పటికే తెలిసిపోయిందేమో.

1876 జులైలో బయలుదేరేటప్పటికి కొడుకు టామ్‌కు 13 ఏళ్లు. మేబెల్‌కు 11, మ్యూరియెల్‌కు 4, చిన్నది మేరీకి ఒక్క ఏడు. ప్రయాణం మొదలైన కొద్ది రోజులకే ప్రమాదం వచ్చిపడింది. చుక్కాని దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. ఓడ కాస్త పక్కకు తిరిగిన క్షణంలో వెనక నుంచి పెద్ద అల విరుచుకుపడింది. టామ్ కొట్టుకుపోబోయి, కమ్మీ పట్టుకుని, మోకాళ్లు అంచుకు తన్నిపెట్టి నిలదొక్కుకున్నాడు. తాళ్లచుట్ట మీద కూర్చుని మేబెల్‌కు కథ చెబుతున్న కెప్టెన్ లెకీ చేతికి అదృష్టం కొద్దీ ఒక తాడు చుట్టుకుని ఉంది. రెండో చేత్తో పాపను పట్టేసుకున్నారు. పాప బెదరకుండా, వదలొద్దని ఆయనకే ధైర్యం చెప్పిందట. ఇంకొకరైతే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు. వీళ్లు ముందుకే వెళ్లారు.

ఆనీకి మాత్రం ఓడ కదిలితే కడుపులో తిప్పడం జీవితాంతం తప్పలేదు. అలవాటైపోతుందని అందరూ అనేవారు గానీ ఆ భాగ్యం ఆమెకు దక్కలేదు. అయినా తెల్లవారకముందే లేచి, చూసినవన్నీ ఉత్తరాలుగా తండ్రికి రాసేవారు. పుస్తకానికి ముడిసరుకు ఆ ఉత్తరాలే. దక్షిణ అమెరికా తీరంలో మంటల్లో చిక్కుకున్న 'మాంక్స్‌హేవెన్' అనే బొగ్గు ఓడ కనబడితే, అందులోని 15 మందినీ సన్‌బీమ్‌లోకి తెచ్చుకున్నారు. మెజెల్లాన్ జలసంధి, తాహితి, హవాయి, జపాన్, హాంకాంగ్ దాటి సింగపూర్ వచ్చారు. ఇక్కడి నుంచి మలయా తీరం వెంట పెనాంగ్, ఆపైన సిలోన్, ఏడెన్, సూయజ్ మీదుగా మే నెలాఖరుకు ఇల్లు చేరారు. మొత్తం దాదాపు 35 వేల మైళ్లు. చిన్న మేరీకి రెండో పుట్టినరోజు ఈ సింగపూర్, పెనాంగ్ రోజుల్లోనే వచ్చింది. మరుసటి నెలలోనే తంజోంగ్ పగార్ బొగ్గు కుప్పలకు నిప్పంటుకుని రోజుల తరబడి మండాయి. అప్పటికి వీళ్లు ఈ నీళ్లు దాటిపోయారు.

పుస్తకంలో ఇప్పుడు చదివితే ఇబ్బందిపెట్టే చోట్లు ఉన్నాయి. వెళ్లిన ప్రతి దేశాన్నీ సామ్రాజ్యపు కళ్లతోనే చూశారు. పక్షుల ఈకలు, నగలు, పనిముట్లు పెట్టెలకొద్దీ కొని లండన్ ఇంట్లో మ్యూజియంలా పేర్చారు. ఆ వస్తువులు తర్వాత హేస్టింగ్స్ మ్యూజియంకు చేరాయి. వాటితోపాటు 1886 లండన్ ప్రదర్శన కోసం భారతీయ కళాకారులు కొయ్యతో చెక్కిన దర్బార్ హాలు కూడా అక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లు పిల్లలతో వెళ్లి చూడవచ్చు.

పదేళ్లకు ఆరోగ్యం దెబ్బతింది. ఎండ తగిలితే మేలని మళ్లీ ఓడెక్కారు. 1887 మొదట్లో ఉత్తర భారతం చూసుకుని హైదరాబాద్ కూడా వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం అది. ఆమె చివరి పుస్తకంలో హైదరాబాద్ ముచ్చట్లు ఉన్నాయి. అక్కడి నుంచి బొంబాయి, సిలోన్, రంగూన్, మలయా తీరం, రెండోసారి సింగపూర్, బోర్నియో, ఆస్ట్రేలియా. దిగిన రేవుల్లో సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం తరఫున ప్రథమ చికిత్స శిక్షణ గురించి మాట్లాడేవారు. ఒక్కోసారి నిలబడే ఓపిక లేకపోయినా సభ మాననివ్వలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ దాటాక మలేరియా జ్వరం పెరిగింది. 1887 సెప్టెంబరు 14న ఓడలోనే కన్నుమూశారు. వయసు 47. ఆ సాయంత్రం పొద్దుగూకే వేళ భర్త, పిల్లల ముందే సముద్రంలో వదిలారు. తీరానికి దూరంగా నడిసముద్రంలో అంతకన్నా దారి లేదు. సమాధి కట్టుకోవడానికి గుప్పెడు మట్టి కూడా లేని ఆ పిల్లల కోసం, తండ్రి వాళ్ల అమ్మ జీవితాన్ని వాళ్లనే ఉద్దేశించి రాసి, 1889లో వచ్చిన ఆఖరి పుస్తకం మొదట్లో చేర్చారు.

ఓడ చాలాకాలం బతికింది. 1916లో థామస్ దాన్ని యుద్ధంలో ఆస్పత్రి ఓడగా వాడుకోమని భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1929లో విడగొట్టారు.

పిల్లల సంగతి మన తెలుగువాళ్లకు మరీ ఆసక్తికరం. నాలుగేళ్లప్పుడు ఓడెక్కిన మ్యూరియెల్ పెద్దయ్యాక లేడీ డి లా వార్ అయింది. మహిళల ఓటు హక్కు కోసం పనిచేసింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఆయన తమ్ముడు నిత్య కుర్రాళ్లుగా ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, 1912లో వాళ్లు ఉండటానికి ఇల్లు ఇచ్చింది ఈమే. చిన్నది మేరీ లేడీ విల్లింగ్‌డన్‌గా మన దేశానికే వచ్చింది. భర్త 1919 నుంచి 1924 దాకా మద్రాసు గవర్నరు. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆయన పాలనలోనే ఉన్నాయి. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం సాగింది ఆ ఏళ్లలోనే. తర్వాత 1931లో ఆయన వైస్రాయ్ అయ్యారు. ఢిల్లీలో లోదీ సమాధుల చుట్టూ 1936లో వేసిన తోటకు మేరీ పేరు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక అది లోదీ గార్డెన్స్ అయింది. లేడీ విల్లింగ్‌డన్ పార్క్ అన్న పాత పేరు మాత్రం అక్కడ ఒక గేటు రాతి మీద ఇంకా కనిపిస్తుంది.